మిరప కళ్లం మీద ఐర్లాండ్ పచ్చిక

పోయిన ఆదివారం మా అన్నయ్య వాళ్లింట్లో, టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి, హైదరాబాద్ నుంచి వచ్చిన ఈవెంట్ల అబ్బాయి మా మేనకోడలి పెళ్లి చూపించాడు. పెళ్లి ఇంకా కాలేదండీ, వచ్చే ఫాల్గుణంలో. అయినా బొమ్మల్లో అయిపోయింది. సూర్యలంక సముద్రం ఒడ్డున ఒక రిసార్టు. ఇసక కనపడకుండా పచ్చటి గడ్డి తివాచీ. వెనక థర్మోకోల్‌తో కట్టిన కొండ చరియ. రాళ్ల గోడలు, వాటి మీద నాచు. ఒక మూల తంబూరా లాంటి వాయిద్యం పట్టుకున్న అమ్మాయి. పేరు ‘ఐరిష్ స్ప్రింగ్’.

మా మేనకోడలు మూడేళ్లుగా డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. పెళ్లికొడుకూ అక్కడే. అందుకని ఈ థీమ్ అట. మా వదిన కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. అన్నయ్య పొలం నుంచి అప్పుడే వచ్చాడు, ప్యాంటు అంచులకి నల్లరేగడి ఎండి అంటుకుని ఉంది. ఆ అబ్బాయి చివరి బొమ్మ చూపించాడు. అందులో బొమ్మ లేదు, అంకె ఉంది. 38 లక్షలు.

ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య మాత్రం “బాగుంది బాబూ” అన్నాడు.

ఆ “బాగుంది” నన్ను వారం రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. అందుకే ఈ రాత. మీలో చాలామంది ఇళ్లల్లో ఈ పెళ్లి జరిగిపోయి ఉంటుంది, లేదా జరగబోతూ ఉంటుంది. ఐర్లాండ్ కాకపోతే రాజస్థాన్ కోట, అదీ కాకపోతే బాలీ. నాకు కోపం ఐర్లాండ్ మీద కాదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే చివరికి వచ్చేసరికి మీకు నేనే ఐర్లాండ్ తరఫున మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. మనం ఆడవాళ్లం, నెల ఖర్చుల పుస్తకం రాసే చేతులు మనవి.

మా పుట్టిల్లు పర్చూరు అవతల. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. అన్నయ్యకి సొంతం నాలుగెకరాలు, కౌలుకి ఇంకో ఆరు. కొంత పత్తి, ఎక్కువ మిరప. 2025లో ధర ఏమైందో ఈ ప్రాంతం ఆడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గుంటూరు యార్డులో రేటు పడిపోయి రైతులు గగ్గోలు పెడితే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ అంకె మీదే లెక్క వేస్తాను. 38 లక్షలంటే 322 క్వింటాళ్ల పైన. టిక్కీకి నలభై అయిదు కిలోలు వేసుకుంటే ఏడొందల టిక్కీలు దాటాయి. ఎకరాకి ఇరవై క్వింటాళ్లు పండిందనుకున్నా, అన్నయ్య పదెకరాల్లోనూ మిరపే వేశాడనుకున్నా, ఆ ధరకి వచ్చేది 23 లక్షల 56 వేలు. అందులో విత్తనం, మందులు, కౌలు, కోత కూలి ఒక్క రూపాయి కూడా తియ్యలేదు. తీస్తే ఏం మిగులుతుందో మీ ఇంట్లో అడగండి.

ఒక్క ఆ థర్మోకోల్ కొండకీ, స్టేజీకీ కలిపి తొమ్మిది లక్షలు. అంటే డెబ్భై ఆరు క్వింటాళ్ల మిరపకాయలు. వాటిని ఎవరు కోస్తారు? పొద్దున్నే ఆటోల్లో క్కిక్కిరిసి వచ్చే ఆడవాళ్లు. కోత రోజుల్లో వాళ్ల చేతుల మంట రాత్రి కూడా తగ్గదు. పిల్లాడి ముఖం మీద చెయ్యి వెయ్యడానికి భయపడతారు. మా అమ్మ కొబ్బరినూనె గిన్నె అరుగు మీద పెట్టి ఉంచేది వాళ్ల కోసం. ఆ చేతులు కోసిన డెబ్భై ఆరు క్వింటాళ్లు ఒక్క సాయంత్రం కొండగా నిలబడి, మర్నాడు పొద్దున చెత్త ట్రాక్టరు ఎక్కుతుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఫాల్గుణంలో మా వైపు నేల ఏ రంగులో ఉంటుందో మీకు తెలుసు. ఎర్రగా. కళ్లాల నిండా ఎండుతున్న కాయలు. రోడ్డు మీద బస్సులో పోతుంటే కిటికీలోంచి ఘాటు కొట్టి తుమ్ములు వస్తాయి. పచ్చదనం అయిపోయే కాలం అది. ఐర్లాండ్ పచ్చగా ఉండేది అక్కడ ఏడాది పొడుగునా వాన పడుతుంది కాబట్టి. ఇక్కడ ఆ పచ్చ ప్లాస్టిక్‌లోనే దొరుకుతుంది. దాని మీద మార్చి ఎండలో మన ముసలివాళ్లు చెప్పుల్లేకుండా నిలబడి అక్షింతలు వెయ్యాలి.

ఇదంతా చెబితే పిల్లలు ‘మీకు కొత్తదంటే పడదు’ అంటారు. మా మేనకోడలూ అదే అంది. ఆ రాత్రే ఫోన్ చేశాను.

“అత్తా, నువ్వు కూడానా? ఆ ఫోటోలు మొదట పంపింది నువ్వే కదా” అంది.

నిజం. ఆరు నెలల కింద, సంబంధం కుదిరిన కొత్తలో, ఫోన్‌లో చూసిన రాతి కోట ముందు పెళ్లి ఫోటో ఒకటి ‘నీ పెళ్లి ఇలా ఉండాలి తల్లీ’ అని పంపింది నేనే. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక మంచం మీద వాలి, ఎవరి పెళ్లిళ్లో చూస్తూ గంటలు గడిపేది నేనే. కాబట్టి తప్పులో నా వాటా ముందు ఒప్పుకుని మిగతాది మాట్లాడతాను.

తను ఇంకో మాట కూడా అంది. “మీ తరం పెళ్లిళ్లలో అప్పులు కాలేదా అత్తా? అప్పుడు బ్యాండు మేళం, బాణసంచా, రెండు లారీల కర్రీ సామాను. ఇప్పుడు గడ్డి, కొండ. తేడా ఏముంది?”

జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నా పెళ్లి 1999లో. దానికి మా నాన్న బావి కింద ఎకరం అమ్మాడు. ఊరి మొత్తం మీద మంచి చేను అది. ఇప్పుడు అన్నయ్య కౌలుకి చేస్తున్న ఆరెకరాల్లో ఆ ఎకరం ఒకటి. తన తండ్రి చేనుకి తనే కౌలు కడుతున్నాడు, ఏటా, కొన్నవాళ్లకి. ఈ ఇరవై ఆరేళ్లలో అన్నయ్య ఒక్కసారి కూడా నా ముందు ఆ మాట ఎత్తలేదు. పండక్కి వెళ్తే చీర పెట్టి పంపించాడు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఏం చెయ్యాలో తెలియక.

పోయిన ఆదివారం వంటింట్లో వదిన చెప్పింది, ఇంకో ఎకరంన్నరకి బేరం చూస్తున్నారని.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఈ థీమ్ మా పిల్ల సరదా అనుకున్నాను ఇన్నాళ్లూ. వదినని గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది. పెళ్లిచూపుల రోజు మగపెళ్లివారు అన్నారట, ‘మాకు కట్నం వద్దండీ, మాకు అలాంటి పట్టింపుల్లేవు. పెళ్లి మాత్రం కాస్త గ్రాండ్‌గా చెయ్యండి, మావాడి స్నేహితులు విదేశాల నుంచి వస్తారు’ అని. అందరూ ఎంత సంస్కారం అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పక్కింటావిడకి గొప్పగా చెప్పాను కూడా.

అమ్మా, ఆ ‘గ్రాండ్‌గా’ అన్న మాటని తూకం వేసి చూశారా ఎప్పుడైనా? కట్నం అడిగితే తప్పని 1961లో చట్టం వచ్చింది. అప్పటినుంచి ఆ మాటకి ఎన్ని మారుపేర్లు పెట్టుకున్నాం మనం! లాంఛనాలు అన్నాం, పిల్లకి మీరు పెట్టుకునేది అన్నాం, పసుపు కుంకుమ అన్నాం. ఇప్పుడు గ్రాండ్‌గా అంటున్నాం. పాత కట్నమైనా కొంత పిల్ల పేరు మీద పొలంగానో బంగారంగానో మిగిలేది. ఈ కొత్త కట్నం ఎవరికీ మిగలదు. ఇచ్చినవాడి భూమి పోతుంది, పుచ్చుకున్నవాడి చేతికీ ఏమీ రాదు. పైగా పుచ్చుకోలేదన్న మంచి పేరు వాళ్లకి.

ఐర్లాండ్ సంప్రదాయం అంటున్నారు కదా, సరే, ఆ సంప్రదాయం ఏమిటో నేనూ తెలుసుకున్నాను. ఈవెంట్ల అబ్బాయి బొమ్మల్లో ఉన్నవి కొన్ని నిజమే. రెండు చేతులు ఒక గుండెని పట్టుకుని, పైన కిరీటం ఉండే ఉంగరం ఉంది, క్లాడా ఉంగరం అంటారు. గాల్వే దగ్గర జాలరిపేట పేరు అది. వధూవరుల చేతులు కలిపి రిబ్బను చుట్టడం ఉంది. దానికి వేరే ప్యాకేజీ, నలభై వేలు. మన బ్రహ్మముడికి పంతులుగారు విడిగా డబ్బులు అడగరు, ఆ ముడి వేసేది మేనత్తనో ఆడపడుచునో. ఫిబ్రవరి 1న అక్కడ బ్రిజిడ్ పండగ, వాళ్ల లెక్కలో వసంతం మొదలు. తుంగ లాంటి గడ్డితో శిలువ అల్లి గుమ్మానికి కడతారు, మనం మామిడాకులు కట్టినట్టు. 2023 నుంచి ఆ పండక్కి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. ఇవన్నీ బాగున్నాయి. ఒక్కదానికీ తొమ్మిది లక్షలు అక్కర్లేదు.

అయితే ఆ బొమ్మల్లో లేనివి కూడా ఉన్నాయి. ఆ థర్మోకోల్ కొండ ఉంది చూశారూ, అది మొహర్ కొండ చరియల నకలు. క్లేర్ అనే జిల్లాలో సముద్రం మీదకి రెండొందల మీటర్లు దాటిన ఎత్తున నిటారుగా ఉంటాయవి. ఆ కొండల వెనక పల్లెల్లో వందేళ్ల కిందటి పెళ్లిళ్లు ఎలా జరిగేవో తెలిస్తే మీకు మన పర్చూరే గుర్తొస్తుంది. మధ్యవర్తి సంబంధం తెచ్చేవాడు. పిల్ల తండ్రి వెళ్లి పెళ్లికొడుకు పొలం నడిచి చూసేవాడు, ఎన్ని ఆవులున్నాయో లెక్క పెట్టేవాడు. పిల్ల తెచ్చే కట్నాన్ని వాళ్లు ‘ఫార్చ్యూన్’ అనేవాళ్లు. అంతా లాయరు దగ్గర కాగితం మీద రాసుకునేవాళ్లు. కట్నం లేని ఆడపిల్లలు ఓడెక్కి అమెరికా పోయి ఇళ్లల్లో పని చేసుకునేవాళ్లు. ఉపవాసాల నలభై రోజులూ, మన గుంటూరు వైపు క్రైస్తవులు శ్రమకాలం అంటారే, ఆ రోజుల్లో పెళ్లిళ్లు చెయ్యరు. కాబట్టి దానికి ముందే హడావుడిగా ముహూర్తాలు, మనం మూఢం ముందు పరిగెత్తినట్టు. 1845 నుంచి బంగాళాదుంప తెగులు పడి వచ్చిన కరువులో పది లక్షల మంది చనిపోయిన దేశం అది. ఒకే పంటని నమ్ముకుంటే ఏమవుతుందో తెగులు చూసిన మిరప రైతు భార్యకి ఎవరూ వివరించక్కర్లేదు. ఇంకోటి. ఆ దేశంలో ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగం చేసే ఆడపిల్ల పెళ్లయితే రాజీనామా ఇవ్వాల్సిందే, 1973 వరకు అదే రూలు. దాన్ని పోరాడి తీయించుకున్నారు. ఈరోజు మా మేనకోడలు డబ్లిన్‌లో పెళ్లయ్యాక కూడా నిశ్చింతగా ఉద్యోగం చేసుకోగలుగుతోందంటే, అక్కడి ఆడవాళ్లు అలా తెచ్చుకున్న హక్కుల నీడలోనే.

ఆ దేశం నుంచి మనం తెచ్చుకోవలసినవి ఇవీ. విచిత్రం ఏమిటంటే మన వాళ్లు ఇప్పటికే తెచ్చారు. వందేళ్లు దాటింది.

త్రిపురనేని రామస్వామి చౌదరి గారు 1914లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లింది డబ్లినే. మా మేనకోడలు ఉంటున్న ఊరే. ఆయన తిరిగొచ్చి తెనాలిలో స్థిరపడ్డారు, 1925లో మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. ఆయన డబ్లిన్ నుంచి కొండల బొమ్మ తేలేదు. పెళ్లిలో చదివే మంత్రం పెళ్లికూతురికి అర్థం కావాలన్నారు. ‘వివాహవిధి’ అని తెలుగులో పెళ్లి తంతు రాశారు. తనే పౌరోహిత్యం చేసి ఎన్నో పెళ్లిళ్లు జరిపించారు. మీ తాతమ్మల పెళ్లిళ్లలో అలాంటివి ఉన్నాయేమో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు బారిష్టరు చదివిందీ డబ్లిన్‌లోనే. అంతకు ముందే, 1902లో, గుంటూరులో వితంతువులకి శరణాలయం పెట్టి వాళ్లకి మళ్లీ పెళ్లిళ్లు చేయించిన మనిషి ఆయన. తర్వాత భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం నిలబెట్టారు. అటునుంచి ఇటు వచ్చినావిడ కూడా ఉంది. ఐర్లాండ్‌లో పుట్టిన మార్గరెట్ కజిన్స్. 1919లో మన మదనపల్లెలో జనగణమనకి బాణీ కూర్చడంలో ఆవిడ చెయ్యి ఉందని మనకి తెలుసు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడం వెనకా ఆవిడే ముఖ్యురాలు. 1929లో వచ్చిన బాల్యవివాహ నిరోధ చట్టం కోసం ఆ సభ గట్టిగా పని చేసింది.

ఇప్పుడు చెప్పండి. గుంటూరు సీమకీ ఐర్లాండ్‌కీ పెళ్లి విషయంలో ఇంత చుట్టరికం ఉంటే, మనకి దక్కింది ప్లాస్టిక్ గడ్డా?

‘ఎవరి డబ్బు వాళ్లది, ఒక్కసారి వచ్చే పెళ్లి, సరదా తీర్చుకోనివ్వండి’ అనేవాళ్లు ఉంటారు. ఒప్పుకుంటాను, పిల్లలు తమ జీతంతో చేసుకుంటే నేను అక్షింతలు వేసి భోజనం చేసి వస్తాను, నోరెత్తను. కానీ ఇక్కడ ఎవరి డబ్బు? డబ్లిన్‌లో గది అద్దె కట్టగా పిల్ల దాచుకున్నది నాలుగు లక్షలు. మిగతాది నల్లరేగడి. ‘మన సంప్రదాయం వదిలేస్తున్నారు’ అని బాధపడే పెద్దవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. మీరు బాధపడాల్సింది గడ్డి పచ్చగా ఉన్నందుకు కాదు. మన సంప్రదాయమే పేరు మీద మన ఇళ్లల్లో పొలాలు అమ్మించినప్పుడు మీరెవరూ బాధపడలేదు. నా పెళ్లిలో అంతా సంప్రదాయమే. ఎకరం పోయింది.

రెండో రోజు మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి గడ్డి గురించి మాట్లాడలేదు. బావి చేను సంగతి చెప్పాను. అది నా పెళ్లికి పోయిందని తనకి తెలియదు. చిన్నప్పుడు ఆ చేలో ఆడుకుంది, మనదే అనుకుందట. చాలాసేపు అవతల శబ్దం లేదు. తర్వాత “ఇప్పుడు నాన్న ఏది అమ్ముతున్నాడు?” అని అడిగింది. చెప్పాను. “నాకెందుకు చెప్పలేదు?” అంది. అదే కదా తల్లీ మన ఇళ్లల్లో జరిగేది, ఎంత అయిందో పిల్లకి చెప్పరు, ఎలా తెచ్చారో అస్సలు చెప్పరు. చెబితే పెళ్లికూతురి మొహంలో కళ తగ్గుతుందని భయం.

ఇంకా ఏమీ తేలలేదు. పెళ్లికొడుకుతో మాట్లాడతానంది. వాళ్ల అమ్మానాన్నలు ఏమంటారో, సంబంధం బిగుసుకుంటుందో సడలుతుందో తెలియదు. వదిన నా మీద కోపంగా ఉంది, కుదిరిన సంబంధంలో వేలు పెట్టానని. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. పెళ్లి చెడితే మాట పడేది పిల్ల తల్లే, మేనత్త కాదు. అయినా చెప్పాల్సింది చెప్పాను. నేను చెయ్యగలిగినవి రెండే ఉన్నాయి, అవి చేస్తున్నాను. ఆడపడుచు లాంఛనం కింద నాకు పెట్టాలనుకున్న పట్టుచీర, బంగారం, ఏదీ వద్దని అన్నయ్యకి చెప్పేశాను. రెండోది, బావి చేను కౌలు ఈ ఏడాది నుంచి నేను కడతానన్నాను. అన్నయ్య నవ్వేసి పత్తి తీత చూసుకోవాలని ఫోన్ పెట్టేశాడు. కడతాను.

మీ ఇంట్లో పెళ్లి కుదిరితే నాలుగు పనులు చెయ్యండి. థీమ్ కంటే ముందు కాగితం తియ్యండి. ఖర్చు ఎంతో, ఎవరిదో, పెళ్లికూతురి ముందే రాయండి. ‘గ్రాండ్‌గా’ అన్నవాళ్లని, మీ వాటా ఎంతండీ అని నవ్వుతూ అడగండి, మర్యాదగానే అడగొచ్చు. భూమి అమ్మే పెళ్లికి ఆడవాళ్లం ఎవరమూ సంతకం పెట్టొద్దు, మాటతో కూడా. చివరిది మన చేతిలోదే. మధ్యాహ్నం పూట ఫోటోలు చూసి ‘నీ పెళ్లి ఇలా ఉండాలి’ అని పిల్లలకి పంపేముందు, ఆ ఫోటో వెనక ఎన్ని టిక్కీలు ఉన్నాయో ఒకసారి లెక్క వెయ్యండి.